శొంఠి సరే, నీళ్ళేం పాపం చేశాయి?

"శొంఠి లేని కషాయం లేదు" అని సామెత. నా పాత టీములో ఏ మీటింగ్ పెట్టినా పిలవకుండానే వచ్చి కూర్చునే మేనేజరొకాయన ఉండేవాడు. చాటుగా ఆయన్ని శొంఠి అని పిలుచుకునేవాళ్ళం. అదెంత గొప్ప బిరుదో ఆయనకీ తెలీదు, అప్పట్లో మాకూ తెలీదు. అమరకోశంలో శొంఠికున్న పేర్లు చూడండి: మహౌషధం, విశ్వభేషజం. అంటే పెద్ద మందు, అన్నిటికీ మందు. నాలుగు అణాలకి దొరికే వంటింటి దినుసుకి ఇంతకంటే పెద్ద కితాబు ఏముంటుంది?

అయితే ఈ టపా శొంఠి గొప్పదనం గురించి కాదు. అలాంటివి ఫార్వర్డుల్లో రోజుకి పది వస్తూనే ఉంటాయి. నేను చెప్పదలుచుకున్నది వేరే. ఈ మహౌషధం పక్కన నిలబడి, దాని మర్యాదంతా తనదే అన్నట్టు చెలామణీ అయిపోయే కొన్ని పద్ధతులున్నాయి. వాటి గురించి, ముఖ్యంగా బాలింతల విషయంలో.

ముందు శొంఠి సంగతి. ముదిరిన అల్లాన్ని నానబెట్టి, పైతొక్క గీకేసి, కడిగి, వారం పదిరోజులు ఎండబెడితే శొంఠి. కొన్నిచోట్ల తెల్లగా కనపడాలని సున్నపు నీళ్ళలో ముంచి కూడా ఎండబెడతారు. అయిదు కిలోల అల్లం ఎండితే కిలో, కాస్త అటూ ఇటూగా. మనకి పాడేరు, చింతపల్లి మన్యంలోనూ, ఇటు జహీరాబాద్ వైపూ అల్లం బాగా పండుతుంది. ఎండటం అంటే నీళ్ళు పోవడం ఒక్కటే కాదు. అల్లంలో ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం ఎండేటప్పుడు కొంత షోగాల్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. ఇది జింజెరాల్ కంటే ఘాటు. అంటే అల్లం, శొంఠి ఒకే మొక్కవి అయినా ఒకే మందు కాదన్నమాట. మన పాతవాళ్ళు రెండిటికీ వేరువేరు పేర్లు పెట్టి, వేరువేరు గుణాలు రాశారు. ప్రయోగశాల లేకుండానే ఈ తేడా పట్టుకున్నారు. ఈ విషయంలో మాత్రం వాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే.

మా ఇంట్లో శొంఠి వాడకం ఇలా ఉండేది. తలనొప్పొస్తే సానమీద శొంఠికొమ్ము అరగదీసి నుదుటికి పట్టు. అజీర్తి చేస్తే శొంఠి, బెల్లం కలిపి చిన్న ఉండ. జలుబుకి శొంఠి, మిరియాలు, ధనియాలు వేసి కషాయం. విరేచనాలైతే మజ్జిగలో చిటికెడు శొంఠి. కీళ్ళనొప్పులకి శొంఠి కషాయంలో ఆముదం (ఇది తాగినవాళ్ళకి నొప్పి తగ్గినా తగ్గకపోయినా, మళ్ళీ నొప్పి అని నోరెత్తేవాళ్ళు కాదు). శ్రీరామనవమి పానకంలో సరే సరి. ఇవేవీ మా ఇంటి కనిపెట్టుళ్ళు కావు. బెల్లంతో, మజ్జిగతో, ఆముదంతో శొంఠి ఇవ్వడం ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్నవే. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిస్తే త్రికటు. లెక్కలేనన్ని మందుల్లో ఇది కలుస్తుంది.

మరి ఇవి పనిచేస్తాయా? నా మటుకు నేను "ఋషులు చెప్పారు కాబట్టి" అనే పార్టీ కాదు, "అదంతా చెత్త" అనే పార్టీ కూడా కాదు. కొలిచి చూసినవి కొన్ని ఉన్నాయి. 1982లో లాన్సెట్ పత్రికలో ఒక సరదా ప్రయోగం వచ్చింది. ప్రయాణాల్లో వాంతి వచ్చే స్వభావమున్న 36 మంది విద్యార్థుల్ని గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. కొందరికి శొంఠిపొడి, కొందరికి మామూలుగా వాంతులకిచ్చే మాత్ర, కొందరికి ఉత్తుత్తి మందు. శొంఠి తిన్నవాళ్ళే ఎక్కువసేపు కుర్చీలో కూర్చోగలిగారు. తర్వాత ప్రయాణపు వాంతుల మీద చేసిన అధ్యయనాల్లో ఫలితాలు అటూ ఇటూ వచ్చాయి కానీ, గర్భిణుల వేవిళ్ళకి రోజుకి ఒక గ్రాము దాకా అల్లం కొంత ఉపశమనం ఇస్తుందని చాలా ప్రయోగాల్లో తేలింది. 2016లో థాయిలాండ్‌లో బాలింతల మీదే ఒక అధ్యయనం చేశారు. రోజుకి రెండుసార్లు అరగ్రాము చొప్పున శొంఠి ఇస్తే మూడోరోజుకి పాలు ఎక్కువ పడ్డాయి, ఏడోరోజుకి వచ్చేసరికి మాత్రం తిననివాళ్ళకీ తిన్నవాళ్ళకీ తేడా లేదు. నిజాయితీగల ఫలితం అంటే ఇలాగే ఉంటుంది. అద్భుతమూ కాదు, అబద్ధమూ కాదు.

ఇంకోటి కూడా గమనించాలి. మన గ్రంథాలు "అన్నిటికీ మందు" అని పేరు పెట్టి ఊరుకోలేదు. భావప్రకాశంలో అల్లాన్ని పొగిడిన చోటే, రక్తస్రావపు జబ్బుల్లోనూ, పాండురోగంలోనూ, పుండ్లున్నప్పుడూ, ఒళ్ళు మంటలున్నప్పుడూ, ఎండాకాలంలోనూ అది మంచిది కాదని రాసిపెట్టాడు భావమిశ్రుడు. అంటే మందుతోపాటు షరతులు కూడా ఇచ్చాడు. మనవాళ్ళు ఫార్వర్డు చేసేటప్పుడు మందు మాత్రం ఉంచి షరతులు కత్తిరించేస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వశాఖ తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్షలతో కషాయం రోజుకి ఒకటి రెండుసార్లు తాగమని సలహా ఇచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన దాన్ని ఫ్లాస్కులో పోసుకుని పొద్దుణ్ణించి రాత్రిదాకా తాగేవాడు. అదీ ఏప్రిల్ ఎండల్లో. కరోనా రాలేదు కానీ కడుపులో మంట పట్టుకుంది. శొంఠిని తప్పు పట్టాలా? "ఒకటి రెండుసార్లు" అన్న ముక్క ఎగిరిపోవడం తప్పు.

సరే, అసలు విషయానికొస్తాను.

2018 మే నెలలో మా చెల్లికి పురుడొచ్చింది. నరసరావుపేటలో. మే నెలలో నరసరావుపేట అంటే తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా అర్థంకాదు. మామూలు కాన్పే, నాలుగు కుట్లు పడ్డాయి. మూడోరోజుకి ఇంటికి పంపించేశారు. అక్కణ్ణించి పగ్గాలు మా అమ్మమ్మ తీసుకుంది. ఎనభై దాటిన మనిషి, ఆరు కాన్పులు తను కని, పాతిక కాన్పులకి దగ్గరుండి చేసిన మనిషి. ఆవిడ మాటంటే మా ఇంట్లో ప్రొడక్షన్ సర్వర్ లెక్క. ఎవరూ ముట్టుకోరు.

పత్యం మొదలైంది. పాతబియ్యం అన్నంలో మొదటి ముద్ద శొంఠిపొడి, నెయ్యి. తర్వాత వెల్లుల్లి కారం, ధనియాల కారం, పాత చింతకాయ పచ్చడి. నడుముకి పాత చీరతో గట్టిగా కట్టు. ఇంతవరకూ బాగానే ఉంది. పప్పు వద్దు, కుట్లు చీము పడతాయి. గుడ్డు వద్దు, ఆకుకూర వద్దు. నీళ్ళు మాత్రం అన్నం తిన్నాక అరగ్లాసు, అదీ వేడివి. మధ్యలో దాహమంటే రెండు గుక్కలు. నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందిట, వాతం చేస్తుందిట, బిడ్డకి జలుబు చేస్తుందిట.

ఆసుపత్రిలో డాక్టరమ్మ "దాహమేసినప్పుడల్లా తాగాలి, అన్నీ తినాలి" అని రెండుసార్లు చెప్పి పంపింది. ఐరన్ మాత్రలు రాసింది. అయినా ఆసుపత్రి మాట ఆసుపత్రి గేటు దాకానే.

అయిదోరోజుకి చెల్లి పెదాలు పగిలిపోయాయి. తలనొప్పి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. మంట పుట్టి మూత్రానికి వెళ్ళాలంటే భయం, మలబద్ధకం. కుట్లున్న మనిషికి అదెంత నరకమో మగవాణ్ణి, నేను వర్ణించి చెప్పలేను. చంటిదానికి పాలిస్తూ పక్కనున్న చెంబు వంక చూసేది. అమ్మ లేని సమయం చూసి నన్ను సైగచేసి పిలిచి, "అన్నయ్యా, కాసిని నీళ్ళు" అంది. ఎం.సి.ఎ. చదివి, ఇరవైమందికి టీమ్ లీడ్‌గా పనిచేసే పిల్ల, సొంత పుట్టింట్లో మంచినీళ్ళు దొంగచాటుగా అడగాల్సొచ్చింది. నేనిచ్చాను. కానీ రోజుకి ఎన్నిసార్లు దొంగతనంగా ఇవ్వగలం?

అమ్మమ్మతో కూర్చుని అడిగాను, పోట్లాటకి కాదు, నిజంగానే తెలుసుకుందామని. "నీళ్ళు తాగితే ఏమవుతుందే అమ్మమ్మా?" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆవిడ అక్క ఉండేదిట. మొదటి కాన్పు, మగపిల్లాడు. నాలుగోరోజు రాత్రి దాహం ఆగక, అందరూ పడుకున్నాక, లేచి వసారాలో కుండలో నీళ్ళు కడుపునిండా తాగిందిట. మర్నాటికి చలిజ్వరం, ఒళ్ళు తెలీకుండా కాగిపోయింది. తొమ్మిదోరోజుకి పోయింది. "ఆ కుండనీళ్ళే పొట్టన పెట్టుకున్నాయిరా" అంది. ఈ మాట చెప్తున్నప్పుడు ఆవిడ చెయ్యి చెల్లి మంచం పట్టెమీద ఉంది. అప్పుడర్థమైంది, ఆవిడ చెల్లిని ఎండబెట్టడంలేదు, కాపలా కాస్తోందని.

మా వృత్తిలో దీనికో పేరుంది. ఏదైనా పెద్ద ప్రమాదం జరిగి సిస్టమ్ పడిపోతే, తర్వాత అందరం కూర్చుని మూలకారణం ఏమిటని వెతుకుతాం. ఆ కారణం సరిగ్గా పట్టుకుంటే సరే. తప్పు పట్టుకుంటే ఏమవుతుందంటే, సంబంధంలేని చోట ఒక కొత్త రూలు పుడుతుంది. ఆ రూలు ఎందుకు పెట్టారో తెలిసినవాళ్ళు వెళ్ళిపోతారు, రూలు మాత్రం ఉండిపోతుంది. కాన్పు తర్వాత మూడో నాలుగో రోజుకి చలితో వచ్చే ఆ జ్వరం గర్భాశయంలో చేరిన ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది. కడగని చేతుల వల్ల, శుభ్రంలేని గుడ్డల వల్ల వస్తుంది. జ్వరం మొదలయ్యేటప్పుడే విపరీతంగా దాహం కూడా వేస్తుంది. పాపం ఆ తల్లికి నీళ్ళు తాగినందుకు జ్వరం రాలేదు, జ్వరం వస్తోంది కాబట్టి దాహమేసుంటుంది. కానీ చూసినవాళ్ళకి కనపడిన వరస మాత్రం ముందు నీళ్ళు, తర్వాత జ్వరం. చిన్నపిల్లగా అక్కని పోగొట్టుకున్న మనిషికి ఈ లాజిక్ చెప్పి గెలవడం నావల్ల కాలేదు. గెలవాలని కూడా అనిపించలేదు.

మా పక్కవీధిలో పాత ఆయుర్వేద వైద్యులొకాయన ఉన్నారు. అమ్మమ్మకి ఆయనంటే గురి. ఆయన్ని తీసుకొచ్చాను. నాడి చూశారు, నాలుక చూశారు, చెల్లిని రెండు ప్రశ్నలడిగారు. "దాహాన్ని ఆపమని ఏ శాస్త్రంలో ఉందమ్మా?" అన్నారు అమ్మమ్మతో. చెంబెడు నీళ్ళలో చిన్న శొంఠిముక్క నలగ్గొట్టి వేసి మరిగించి, గోరువెచ్చగా, అడిగినప్పుడల్లా ఇమ్మన్నారు. పెసరకట్టు మొదలుపెట్టమన్నారు. జ్వరం తగిలినా, తలనొప్పి తగ్గకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికే తీసుకెళ్ళమని నాకు విడిగా చెప్పారు.

ఆయన వెళ్ళాక అమ్మమ్మ అన్నమాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం. "శొంఠినీళ్ళయితే పర్లేదు. నేను ఉత్తనీళ్ళే కదా వద్దన్నది!"

ఆ సాయంత్రం చెల్లి మూడు గ్లాసులు తాగింది. మర్నాటికి తలనొప్పి తగ్గింది. ఇందులో శొంఠి చేసిన వైద్యం పెద్దగా ఏం లేదని నాకు తెలుసు, వైద్యం చేసింది నీళ్ళు. కానీ ఆ నీళ్ళని గడప దాటించి మంచం దాకా తెచ్చింది మాత్రం శొంఠే.

తర్వాత నాకు పట్టుదల పెరిగి, అసలు గ్రంథాల్లో బాలింత గురించి ఏముందో అనువాదాలు తిరగేశాను. చరకసంహిత శారీరస్థానం 8వ అధ్యాయంలో ఉంది. బాలింతకి ఆకలి వేస్తోందని తెలిశాక, ఆమె ఒంటికి ఏది అలవాటో చూసి, నెయ్యో నూనెో అలాంటి కొవ్వులో పిప్పళ్ళు, మోడి, చవ్యం, చిత్రమూలం, శొంఠి పొడి కలిపి తాగించమన్నాడు. పొట్టకి గుడ్డ చుట్టమన్నాడు. అది అరిగాక అవే దినుసులతో కాచిన జావ, పలచగా, తగుమాత్రం ఇమ్మన్నాడు. ఇలా అయిదు లేక ఏడు రోజులు చేసి, తర్వాత క్రమంగా పుష్టినిచ్చే ఆహారం. మా అమ్మమ్మ శొంఠి-నెయ్యి ముద్ద, నడుంకట్టు రెండూ అక్కడ కనపడుతూనే ఉన్నాయి. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఎప్పటి గ్రంథం, ఎక్కడి నరసరావుపేట!

కానీ చూడండి, అక్కడున్న వరసలో మొదటి మాట ఆకలి. తర్వాత మాట జావ, అదీ పలచటిది. ఎండగట్టమనలేదు. పైగా అదే గ్రంథం సూత్రస్థానం 7వ అధ్యాయంలో, ఆపకూడని శరీరవేగాలు 13 అని జాబితా ఇచ్చాడు. మూత్రం, తుమ్ము, ఆవులింత, నిద్ర, కన్నీళ్ళు... వాటిల్లో ఆకలి ఉంది, దాహమూ ఉంది. జ్వరం వచ్చినవాడికి కూడా దాహం తీరడానికి తుంగముస్తలు, వట్టివేళ్ళు, చందనం, శొంఠి లాంటి ఆరు దినుసులతో కాచి చల్లార్చిన నీళ్ళు ఇమ్మన్నాడు. షడంగపానీయం అంటారు దాన్ని. జ్వరంలోనే నీళ్ళిమ్మన్న వైద్యం బాలింతకి నీళ్ళు మానిపిస్తుందా?

అవతలి పక్షం కూడా చెప్పాలి కదా. అష్టాంగహృదయంలో జఠరాగ్ని మందగించినవాళ్ళు, పాండురోగం, జలోదరం, అతిసారం లాంటివి ఉన్నవాళ్ళు నీళ్ళు కొద్దిగానే తాగాలని ఉంది. బాలింతకి అరుగుదల తక్కువ అనుకుంటే, అక్కణ్ణించి మన ఇళ్ళదాకా ఒక కాలిబాట పడి ఉండొచ్చు. కానీ అక్కడ చెప్పింది జబ్బుమనిషికి. కన్నతల్లి జబ్బుమనిషి కాదు. "కొద్దిగా" అన్నది మేనెల ఎండలో రోజుకి రెండు అరగ్లాసులుగా ఎప్పుడు మారిందో ఎవరూ రాసిపెట్టలేదు.

ఈనాటి లెక్క ఇంకా తేలిక. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే. నెలదాటిన బిడ్డ రోజుకి ముప్పావు లీటరు దాకా తాగుతుంది. ఎక్కువ నీళ్ళు తాగితే ఎక్కువ పాలు పడతాయని కాదు. తక్కువ తాగితే బిడ్డకంటే ముందు తల్లి ఎండిపోతుంది. కాన్పు తర్వాత ఆరువారాల పాటు రక్తం గడ్డకట్టే స్వభావం మామూలుకంటే ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గితే, మంచం దిగకపోతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మెదడు సిరల్లో గడ్డకడితే మొదట కనపడేది తలనొప్పే. అందుకే బాలింత తలనొప్పిని శొంఠిపట్టుతో సరిపెట్టెయ్యకూడదు. ఇక పప్పు, గుడ్డు, ఆకుకూర మానిపించడం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత. కాన్పులో ఇంకొంత రక్తం పోతుంది. ఆ మనిషికి పదకొండురోజులు కారప్పొడులతో అన్నం పెట్టి దాన్ని సంప్రదాయం అనడం అన్యాయం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలాంటి చర్చ రాగానే మనం రెండు జట్లుగా విడిపోతాం. ఒకళ్ళు "మన పెద్దలు పిచ్చివాళ్ళా?" అంటారు. ఇంకొకళ్ళు "ఇవన్నీ మూఢనమ్మకాలు" అంటారు. ఇద్దరిదీ ఒకటే బద్ధకం, విడివిడిగా చూడకపోవడం. పాతికేళ్ళనాటి కోడ్ చేతికొస్తే మేం మొత్తం పారెయ్యం, మొత్తం నెత్తినా పెట్టుకోం. ఒక్కో లైనూ చదివి, ఇదెందుకుంది, ఇది తీస్తే ఏమవుతుంది అని చూస్తాం. పత్యాన్ని కూడా అలా చూడలేమా? శొంఠి-నెయ్యి ముద్ద: ఉంచుదాం, ఆకలి పుట్టిస్తుంది, తినడానికి బావుంటుంది. కడుపులో మంటున్నవాళ్ళూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ డాక్టర్ని అడిగి తినాలి. నడుంకట్టు: హాయిగా ఉంటే ఉంచుదాం, ఊపిరాడకపోతే వదులు చేద్దాం. కాచిన వేడినీళ్ళు: భేషుగ్గా ఉంచుదాం. దాహంతో ఉంచడం, పప్పు మానిపించడం: తీసేద్దాం. ఇవి తీసేస్తే శొంఠి పరువేం పోదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ పనిలో బాలింతని అడగడం అనేది ఎవరికీ తట్టదు. డాక్టరు చెప్తుంది, అమ్మమ్మ చెప్తుంది, ఇదిగో నేను కూడా ఇంత పొడుగు టపా రాసేశాను. చరకుడు మాత్రం "ఆమెకి ఆకలివేస్తోందని తెలుసుకుని" అన్నాడు. తెలుసుకోవాలంటే అడగాలి కదా.

మీ ఇంట్లో ఎవరికైనా పురుడొచ్చే నెలైతే శొంఠి కొని ఉంచండి. మంచం పక్కన ఓ పెద్ద చెంబు కూడా పెట్టండి, నిండా.